పాత కోనేరును బాగుచేసుకోవడం ఎలా: మొదటి కాగితం నుంచి మొదటి ఈత దాకా

మా ఊరి కోనేట్లో పిల్లలు మళ్లీ ఈత కొడుతున్నారని తెలిసిన దగ్గర్నుంచి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా ఒకటే అడుగుతున్నారు. "జేసీబీ ఎవరిది పెట్టించారన్నా? ఎన్ని గంటలు పట్టింది?" పుత్తూరు వైపు వాళ్లదీ ఇదే ప్రశ్న, చంద్రగిరి వైపు వాళ్లదీ ఇదే.

జేసీబీ దగ్గర మొదలుపెడితే కోనేరు రెండేళ్లలో మళ్లీ పూడిపోతుంది, లేదా మెట్లు కూలిపోతాయి. పూడిక తీయడం ఐదో పని. అంతకుముందు ఒక వానకాలం కోనేరును గమనించి, కాగితం, మనుషులు, నీళ్లొచ్చే దోవ సరిచూసుకోవాలి. రాయిని ముట్టుకునేది పూడిక తీశాకే. ఈ వరస తప్పిన ఊళ్లలో డబ్బూ పోయింది, కోనేరూ పోయింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో గుడి ముందో ఊరి నడుమో ఉండే, నాలుగు వైపులా రాతిమెట్లున్న కోనేళ్ల కోసం. మట్టికట్ట చెరువులకు పద్ధతి వేరు.

1. ఒక వానకాలం ఊరికే చూడండి

వినడానికి సోమరితనంలా ఉంటుంది గానీ, ఇది దాటేస్తే తర్వాతి పనులన్నీ గుడ్డిగా చేయాల్సి వస్తుంది.

మనకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఒక విడత వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం వాయుగుండాలతో ఇంకో విడత. కోనేళ్లు నిండేది ఎక్కువగా రెండో విడతలోనే. కాబట్టి కాగితాల పని సెప్టెంబరులో మొదలుపెట్టండి. అక్టోబరు, నవంబరుల్లో గొడుగులు పట్టుకొని నీళ్ల వెంట నడవండి. పూడిక ఏప్రిల్, మే నెలల్లో తీయండి. రాతిపని మళ్లీ అక్టోబరు వచ్చేలోపు ముగించండి. ఏడాది పడుతుంది. రెండు నెలల్లో అయిపోవాలని తొందరపెట్టే దాత ఉంటే ఆయనకు ఈ లెక్క ముందే చెప్పండి.

ఈ చూసే కాలంలో రాసుకోవాల్సినవి:

- కోనేరు నాలుగు వైపుల పొడవు, ప్రతి వైపు కనిపించే మెట్ల సంఖ్య
- కదిలినవి, కుంగినవి, ముందుకు ఉబ్బినవి ఏ మెట్లో
- సందుల్లో మొలిచిన రావి, మర్రి, వేప మొక్కలు
- నీళ్లు లోపలికి వచ్చే చోటు, నిండితే బయటికి పోయే మొరవ
- లోపల పడుతున్న మురుగు కాలువలు, ఏ ఇళ్ల నుంచో
- వాన పడిన రోజు, ఆగిన రోజు నీటిమట్టం; ఆ తర్వాత వారానికోసారి

చివరిది ముఖ్యం. వాన ఆగాక నెల రోజుల్లో నాలుగైదు అంగుళాలే తగ్గితే అది ఎండకు పోయినదే, కోనేరు అడుగు గట్టిగా ఉన్నట్టు. వారంలోనే ఒక అడుగు మట్టం దిగిపోతే నీళ్లు ఎక్కడో కారిపోతున్నట్టు. ఆ సంగతి తేలకుండా పూడిక తీస్తే ఖాళీ గుంత మిగులుతుంది.

ఫోటోలు ప్రతిసారీ అవే నాలుగు మూలల నుంచి తీయండి. నిలబడే చోట ఒక మేకు కొట్టి గుర్తు పెట్టుకుంటే, రేపు పని నడిచేటప్పుడు "ఈ రాయి ముందు నుంచీ ఇట్లే ఉండింది" అన్న వాదం రాదు.

2. కోనేరు ఎవరిది?

ఊరంతా "గుడిదే" అంటారు. రికార్డులో గుంట పోరంబోకు, అంటే ప్రభుత్వ నేల, అని ఉంటుంది. లేదంటే ఊరంతా "పంచాయతీదే" అంటారు, తీరా చూస్తే దేవాదాయ శాఖది. ఎవరిదో తేలకుండా ఒక్క తట్ట మట్టి కూడా ఎత్తకండి.

ముందు గ్రామ పటంలో, ఎఫ్‌ఎంబీలో (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) కోనేరు సర్వే నంబరు వెతకండి. అడంగల్‌లో, ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత రీసెటిల్‌మెంటు రిజిస్టరు) ఆ నంబరుకు ఎదురుగా ఏం రాసుందో చూడండి. గ్రామ సచివాలయంలో సర్వేయరు సాయం చేస్తారు. ఆ తర్వాత ఎవరి అనుమతి కావాలో తేలుతుంది:

- దేవాదాయ శాఖ గుడిదైతే: ఈవో ద్వారా శాఖ అనుమతి. 1987 నాటి దేవాదాయ చట్టం కిందికి వచ్చే ఆస్తిలో ఊరి కమిటీ సొంతంగా పని చేయించకూడదు.
- టీటీడీ చేతిలోని గుడిదైతే: టీటీడీ ఇంజనీరింగ్ విభాగం. కార్వేటినగరం వేణుగోపాలస్వామి గుడి స్కంద పుష్కరిణి లాంటివి ఈ కోవలోకి వస్తాయి.
- పోరంబోకు అయితే: పంచాయతీ తీర్మానం, తహసీల్దారుకు అర్జీ. పట్టణంలో అయితే మున్సిపాలిటీ.
- పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే, లేదా దాని పక్కనుంటే: అది కేంద్ర శాఖదా, రాష్ట్ర శాఖదా తేల్చుకోండి.

ఈ చివరి దాంట్లో చాలామంది చిక్కుకుంటారు. చంద్రగిరి కోట లాంటి కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు నిషిద్ధ ప్రాంతం, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ మరమ్మతుకు కూడా ముందే అనుమతి తీసుకోవాలి. మంచి పనే కదా అని మొదలుపెడితే కేసు మీ మీదే పడుతుంది.

రికార్డు చూపించకుండా తిప్పుకుంటుంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేయండి. "కోనేరు వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏమీ రాదు. "ఫలానా సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ నకలు, ఆర్‌ఎస్‌ఆర్ నకలు, గత పదేళ్లలో ఆ నంబరు మీద చేసిన ఖర్చు వివరాలు" అని రాయండి.

హద్దులు తేలడానికి ఎఫ్‌లైన్ అర్జీ పెట్టి సర్వే చేయించండి. కోనేటి గట్టు మీద ఎవరి గోడో వచ్చి ఉంటుంది. ఆయనతో గొడవకు దిగకండి. రాళ్లు నాటించి, కొలత కాగితం చేతిలో పెట్టుకొని, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. ఊరి ఉమ్మడి నేలల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. అర్జీలో ఆ మాట ప్రస్తావించండి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ల 22-ఏ నిషేధిత జాబితాలో (అమ్మకాలు రిజిస్టరు చేయకూడని భూముల పట్టీ) ఉందో లేదో కూడా చూసి, లేకపోతే చేర్చమని అదే అర్జీలో అడగండి.

3. అందరూ రాగలిగే చోట కూర్చోండి

మొదటి సమావేశం గుడిలో పెట్టకండి, ఏ పెద్దాయన ఇంటి అరుగు మీదా పెట్టకండి. బడిలో పెట్టండి.

ఎందుకో దాచకుండా చెప్పుకోవాలి. మన ఊళ్లలో చాలా కోనేళ్ల మెట్లు ఒకప్పుడు అందరివీ కావు. ఆ జ్ఞాపకం ఉన్న వాడల నుంచి "మీ కోనేరుకు మేమెందుకు మట్టి మోయాల" అన్న మాట వస్తే, అది న్యాయమైన మాటే. పని మొదలుకాక ముందే తీర్మానంలో రాయండి: బాగైన తర్వాత ఏ మెట్టయినా, ఏ వైపయినా అందరిదీ. చట్టం కూడా అదే చెబుతుంది. కోనేరు, బావి, స్నానఘట్టం వాడుకోకుండా అంటరానితనం పేరుతో అడ్డుకోవడం 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం కింద నేరం.

మా ఊళ్లో ఆ తీర్మానం చదివి వినిపించిన రోజే పని సగం అయినట్టు నాకనిపించింది. తర్వాత మనుషులు దొరకలేదన్న మాట ఎప్పుడూ రాలేదు.

కమిటీ రిజిస్టరు చేయాలంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి. ఆ ఏడుగురిలో ఆడవాళ్లు ఉండి తీరాలి. బట్టలుతికేది వాళ్లు, మునిగేది వాళ్లు, ఏ మెట్టు జారుతుందో తెలిసిందీ వాళ్లకే. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో తెరవండి. ప్రతి శనివారం జమాఖర్చులు కోనేటి గట్టున బోర్డు మీద రాయండి. వాట్సాప్‌లో పెడితే చాలదు, అందులో లేనివాళ్లే ఎక్కువ అనుమానపడతారు.

4. నీళ్లొచ్చే దోవ

మాకు మొదట ఇది తట్టలేదు. మేం మెట్ల చుట్టూ టేపు పట్టుకొని తిరుగుతుంటే, మేకలు తోలుకుపోతున్న ఒక తాత నిలబడి అడిగాడు. "గుంత తవ్వేది సరే నాయనా, దీంట్లోకి నీళ్లు యాడ నుంచి వస్తాయి?" ఎవరమూ జవాబు చెప్పలేకపోయాం. ఆయనే మమ్మల్ని గుట్ట దాకా తీసుకెళ్లి పాత కాలువ చూపించాడు. సగం పొలాల్లో కలిసిపోయింది. మిగతా సగం సిమెంటు రోడ్డు కింద పోయింది.

పాత కోనేరు ఎండిపోవడానికి పూడిక ఒక్కటే కారణం అయింది నేనెక్కడా చూడలేదు. గుట్ట మీది వాననీరు వచ్చే కాలువ తెగిపోయి ఉంటుంది. రోడ్డు ఎత్తు పెంచినప్పుడు తూము వేయడం మరిచిపోయి ఉంటారు. లేదా ఆ కాలువలోకే ఇళ్ల మురుగు మళ్లించి ఉంటారు.

మంచి వాన పడే రోజు ముగ్గురు నలుగురు కోనేటి దగ్గర బయలుదేరి నీటికి ఎదురు నడవండి. నీళ్లు ఎక్కడ పక్కకు తిరిగిపోతున్నాయో ఆ చోటు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. ఎండాకాలంలో వెతికితే ఈ చోట్లు కనిపించవు.

ఎంత నీరు రావాలో చిన్న లెక్క వేసుకోండి. 100 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఉన్న కోనేట్లో అడుగు ఎత్తు నీరంటే 10,000 ఘనపుటడుగులు, అంటే దాదాపు 2 లక్షల 83 వేల లీటర్లు. ఒక ఎకరా మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే పడే నీరు దాదాపు 4 లక్షల లీటర్లు. అందులో మూడో వంతు పారి వచ్చిందనుకున్నా లక్షా 30 వేలు. అంటే రెండెకరాల పైచిలుకు వాలు నుంచి వచ్చే నీరు ఒక్క వాయుగుండానికి మీ కోనేరును అడుగు ఎత్తు నింపుతుంది. మెట్లు వాలుగా ఉంటాయి కాబట్టి కిందికి పోయేకొద్దీ ఇంకా తక్కువ నీరు చాలు. మీ కాలువకు ఎన్ని ఎకరాల వాలు మిగిలి ఉందో చూసుకుంటే కోనేరు నిండుతుందా లేదా అన్నది పని మొదలుకాకముందే తెలిసిపోతుంది.

చేయాల్సిన పనులు ఈ వరసలో:

1. మురుగు ముందు ఆపండి. ఆ ఇళ్లవాళ్లతో మాట్లాడి, పంచాయతీ కాలువకు మళ్లించండి. ఇది కాకుండా మిగతావేవీ మొదలుపెట్టకండి.
2. రోడ్డు కింద తూము వేయించండి. రెండడుగుల వ్యాసానికి తగ్గకుండా చూసుకోండి, సన్నపాటి గొట్టాలు మొదటి వరదకే ఆకులతో మూసుకుపోతాయి.
3. పొలాల్లో పోయిన కాలువను సర్వే ప్రకారం తెరిపించండి. రైతు ఒప్పుకోకపోతే గట్టు పక్కగా మళ్లించే దారి అడగండి.
4. కోనేట్లో పడేముందు ఒక గొయ్యి కట్టండి. ఐదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు, ముందు ఇనుప జాలీ. ఇసుక, ఒండ్రు చాలావరకు ఇక్కడే దిగిపోతాయి. ఏటా కోనేరు పూడిక తీసే బదులు ఈ గొయ్యి తీస్తే చాలు.
5. మొరవ తెరవండి. నిండిన నీరు పోయే దారి లేకపోతే గట్టు తెగుతుంది.

ఐదోదాన్ని చిన్నచూపు చూడకండి. 2021 నవంబరు వానలకు కపిలతీర్థం మీద కొండవరద ఎట్లా దూకిందో, రాయలచెరువు కట్టకు గండి పడుతుందని కింది ఊళ్లను ఎట్లా ఖాళీ చేయించారో మనమంతా చూశాం. మీ కోనేరు చిన్నదే కావచ్చు, దాని కిందా ఇళ్లుంటాయి.

5. పూడిక తీయడం

ఇప్పుడు జేసీబీ సంగతి. గట్టు మీద నిలబెట్టి, పైకి వచ్చిన మట్టిని ట్రాక్టరుకు ఎత్తడానికి వాడుకోండి. లోపలికి దించకండి, మెట్లకు పదడుగుల దగ్గరికి రానీయకండి. దాని బరువు, అదురు తట్టుకునేలా ఆ మెట్లు పేర్చలేదు.

నీళ్లు తోడేటప్పుడు నిదానం కావాలి. మెట్ల వెనక మట్టి తడిసి బరువుగా ఉంటుంది. కోనేట్లో నీళ్లున్నంత కాలం ఆ నీరే రాళ్లను వెనక్కి ఆనించి పట్టుకుంటుంది. రెండు మోటార్లు పెట్టి ఒక్క రాత్రిలో తోడేస్తే, వెనక మట్టి రాళ్లను ముందుకు తోసేస్తుంది. మేం రోజుకు అర అడుగుకు మించి దించలేదు. ఏప్రిల్ దాకా ఆగితే సగం నీరు ఎండే తీసుకుపోతుంది.

పూడిక ఎంతుందో ముందే కొలవండి. ఇనుప కడ్డీ దించి, తొమ్మిది చోట్ల లోతు రాసుకోండి. సగటు నాలుగడుగులైతే, 100 అడుగుల చదరపు కోనేట్లో 40,000 ఘనపుటడుగుల మట్టి. ట్రాక్టరు ట్రాలీకి 100 ఘనపుటడుగుల చొప్పున 400 ట్రిప్పులు. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి 500 అనుకోండి. డీజిల్ లెక్క, దాతల లెక్క ఇక్కడి నుంచే మొదలవ్వాలి.

ఎంత లోతు తీయాలన్నదే అసలు చిక్కు. పాత కోనేళ్ల అడుగున బంకమట్టి కొట్టి గట్టి పరిచి ఉంటారు, కొన్నింట్లో రాతిపరుపు ఉంటుంది. నీరు నిలిచేది దానివల్లే. ముందు మూడడుగుల చదరం గొయ్యి ఒకటి చేత్తో తవ్వించండి. నల్లటి మెత్తటి ఒండ్రు పోయి, గడ్డపార టక్కున ఆగే గట్టి పొర వచ్చిన చోటే పాత అడుగు. అక్కడితో ఆపండి. "ఇంకో రెండడుగులు తీస్తే ఇంకా నీళ్లు నిలుస్తాయి" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. ఆ పొర చిల్లు పడితే నిలిచే నీరు కూడా ఇంకిపోతుంది. నడుమ నీరాళి మండపం ఉంటే దాని పునాది బయటపడి ఒరిగిపోతుంది. మండపం చుట్టూ ఆరేడు అడుగుల మేర చేత్తోనే, చివర్లో తీయించండి.

అడుగున పాత బావి ఉంటే ఎవరినీ నేరుగా దిగనీయకండి. మూసుకుపోయిన బావుల్లో గాలి చెడి ఉంటుంది. అగ్నిమాపక సిబ్బందిని పిలిచి చూపించాకే దించండి.

పూడిక మట్టి పొలాలకు బంగారం. కానీ వినాయకుడి బొమ్మలు నిమజ్జనం చేసిన కోనేరైతే పై పొరలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంగులు ఉంటాయి. ఆ పై అడుగు మట్టిని కూరగాయ తోటలకు ఇవ్వకండి, విడిగా తీసి గుంతలు పూడ్చడానికి పంపండి.

మట్టిలో విగ్రహం, శాసనం, నాణేలు లాంటివి దొరికితే ఆ చోట పని ఆపండి. కడగకండి, పసుపు కుంకుమలు పెట్టకండి. ఉన్నచోటనే ఫోటో తీసి, వీఆర్వోకు, తహసీల్దారుకు ఆ రోజే రాతపూర్వకంగా చెప్పండి. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన దేనికైనా కలెక్టరుకు తెలియజేయాలి. ఈ మాట కూలీలకు మొదటి రోజే, ముందుగానే చెప్పండి.

6. రాయి, సున్నం

మేం చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఉత్తరం వైపు మెట్ల సందుల్లో ఒక కాంట్రాక్టరు చేత సిమెంటు పూయించాం. చూడ్డానికి ముచ్చటగా ఉండింది. ఆ ఏడు నవంబరు వానలకు ఆ వైపు ఐదు వరసలు కడుపులా ముందుకు ఉబ్బాయి. మళ్లీ మొత్తం విప్పి పేర్చాల్సి వచ్చింది.

మన కోనేళ్లలో చాలావరకు మెట్లు ఒట్టి రాయి పేర్చినవే. గట్టులో ఇంకిన వాననీరు ఆ సందుల్లోంచి కోనేట్లోకి కారిపోవాలి. సందులు మూసేస్తే ఆ నీరు వెనక నిలిచి రాయిని తోస్తుంది. కాబట్టి సూత్రం ఇది: పాత గచ్చు కనిపించిన చోటే సున్నం వాడండి, ఒట్టి రాయి పేర్చిన చోట ఒట్టి రాయే పేర్చండి. సిమెంటు ఎక్కడా వద్దు.

విప్పే ముందు ప్రతి రాయికీ గుర్తు రాయండి. తూర్పు వైపు మూడో మెట్టు ఏడో రాయి అంటే "తూ-3-7". సున్నంతోనో సుద్దతోనో రాయండి, ఆయిల్ పెయింటు వాడకండి, అది పోదు. ఆ గుర్తుతో ఫోటో తీసి, నోటు పుస్తకంలో బొమ్మ గీసుకోండి. ఒక్కసారి పది అడుగుల పొడవుకు మించి విప్పకండి. అది పేర్చాకే తర్వాతిది.

తిరిగి పేర్చేటప్పుడు:

- పని కింది మెట్టు నుంచి పైకి సాగాలి
- రాయి వెనక మట్టి పోయకండి, చిప్పరాళ్లు, కంకర నింపండి, నీరు దిగిపోతుంది
- ప్రతి వరసలో అక్కడక్కడా గట్టు లోపలికి దూరే పొడుగురాయి ఉందేమో చూడండి. వరసను పట్టి ఉంచేది అదే, దాన్ని కోసి పొట్టి చేయనీయకండి
- మెట్టు కోనేటి వైపు కొద్దిగా, నీరు జారేంత మాత్రమే వాలి ఉండాలి
- విరిగిన రాయికి బదులు అదే రకం గ్రానైటు ఉలితో చెక్కించండి. పాలిష్ రాయి తడిస్తే జారుతుంది

బరువైన రాళ్లకు మూడుకాళ్ల స్తంభానికి చైన్‌బ్లాక్ కట్టి ఎత్తించండి. పాత గుళ్ల పని చేసిన రాతి మేస్త్రీలు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఇళ్లు కట్టే మేస్త్రీకి ఈ పని అప్పజెప్పకండి, ఎంత మంచివాడైనా.

మండపానికి, పిట్టగోడకు సున్నం కావాలి. కాల్చిన సున్నపురాయిని నీళ్లలోకి కొంచెం కొంచెంగా వేయండి. రాయి మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది, కళ్లు పోతాయి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. వడగట్టి, నీటి అడుగున రెండు వారాలకు తక్కువ కాకుండా నానబెట్టండి. మేం సున్నం ఒక పాలు, ఇటుక పొడి ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు వాడాం. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రీ దొరికితే ఆయన చెప్పినట్టు వినండి. ఏదైనా ముందు ఒక మూల చదరపు అడుగు మేర వేసి, మూడు వారాలు చూసి, పగలకపోతే మిగతాది వేయండి. పది రోజులు తడి గోనెపట్టలు కప్పి ఉంచాలి. సున్నం నిదానంగా గట్టిపడుతుంది, మేస్త్రీ కన్నా మనకే ఓపిక ఎక్కువ కావాలి.

రావి, మర్రి మొక్కల విషయంలో మనసు ఒప్పదు, అర్థం చేసుకోగలను. వేలెడంత ఉన్నప్పుడే వేరుతో సహా తీసి, గుడి వెనకో బడి ఆవరణలోనో నాటండి. మా ఊళ్లో పూజ చేసి నాటాం, ఎవరికీ బాధ కలగలేదు. లావెక్కిన మాను అయితే ఒక్కసారి పీకితే రాళ్లన్నీ వెంట వస్తాయి. కొమ్మలు దశలవారీగా నరికి, మొదలు ఎండాక, ఆ భాగం రాళ్లు విప్పేటప్పుడే వేరు తీయాలి.

7. నీళ్లు నిండాక: ఈతకు ముందు

కొత్తగా నిండిన నీళ్లలోకి మొదటి నెల పిల్లల్ని దించకండి. నీటి నమూనా పరీక్ష చేయించండి. బహిరంగ స్నానానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలతలు ఇవి: పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య, నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీఓడీ (నీటిలోని కుళ్లును తినే సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) లీటరుకు 3 మిల్లీగ్రాములు మించకూడదు, మొత్తం కోలిఫామ్ (మురుగుకు గుర్తుగా చూసే బ్యాక్టీరియా) 100 మిల్లీలీటర్లకు 500 దాటకూడదు. కోలిఫామ్ ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో మురుగు ఇంకా కలుస్తోంది. బ్లీచింగ్ చల్లి సరిపెట్టకండి, నాలుగో అంశానికి తిరిగి వెళ్లండి.

నీరు పచ్చబడితే దానికి తిండి అందుతున్నట్టు: పాలు, అన్నం, పూలు, సబ్బు. పూజాద్రవ్యాలకు గట్టు మీద ఒక తొట్టి పెట్టండి. బట్టలుతికేందుకు కొళాయితో వేరే బండ కట్టివ్వండి. ఉతకొద్దని బోర్డు మాత్రం పెట్టి ఊరుకుంటే ఆడవాళ్లకు అన్యాయం చేసినట్టు. దోమలకు, వాటి పిల్లపురుగుల్ని తినే గంబూసియా చేపలు ఇమ్మని మలేరియా విభాగం వాళ్లను అడగండి.

ఈతకు ముందు ఉండాల్సినవి:

- నాలుగు వైపులా లోతు అంకెలు, దూరం నుంచి కనిపించేలా
- లోతు మొదలయ్యే మెట్టు మీద ఎర్ర గీత
- గట్టు మీద రెండు ట్యూబులు, పొడవాటి తాడు, వెదురు గడ
- పాచి పట్టే మెట్లను వారానికోసారి కొబ్బరి పీచుతో రుద్దే మనిషి
- బట్టలు మార్చుకునే గది
- పిల్లలు దిగే వేళ ఈత వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లు, పేర్లు బోర్డు మీద

నడుముకు సొరబుర్ర కట్టి నేర్పే పెద్దవాళ్లు మీ ఊళ్లో ఉంటే ఆ ఇద్దరిలో ఒకరుగా వాళ్లనే పెట్టండి.

8. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

చుట్టూ కంచె వేసి తాళం పెట్టడం. ప్రమాదాల భయంతో చేస్తారు. మనుషులు రాని కోనేరు ఆరు నెలల్లో చెత్తకుండీ అవుతుంది. తాళం తీసి, పొద్దున సాయంత్రం వేళలు పెట్టి, కాపలా మనిషిని నియమించండి.

అడుగున సిమెంటు పరవడం. ఊటలు మూసుకుపోతాయి, చుట్టూ బావులు అడుగంటుతాయి. పరిచేసి ఉంటే ఒక మూల నుంచి పగలగొట్టి తీసి, బంకమట్టి తడిపి దిమ్మిస కొట్టించండి.

మెట్లకు రంగులు. పెయింటు రాయిని ఊపిరాడనీయదు, తడిస్తే జారుతుంది. వేడినీళ్లు, నైలాన్ బ్రష్‌తో ఓపికగా తీయండి. ఇసుకతో కొట్టించడం, యాసిడ్ పోయడం రాయి ముఖాన్ని తినేస్తాయి.

గట్టు మీద టైల్స్ నడకదారి. వాననీరు ఇంకే చోటు పోతుంది. టైల్స్ వేసేశారా, రెండు వరసలకొకసారి ఒక వరస తీసి కంకర నింపండి.

ప్రారంభోత్సవంతో కమిటీ చెదిరిపోవడం. అన్నింటికన్నా ఎక్కువ జరిగేది ఇదే. అందుకే కింది పట్టీ.

9. ఏటా చేసే పని

తిరుమల స్వామి పుష్కరిణినే చూడండి. ఏటా బ్రహ్మోత్సవాలకు ముందు నెల రోజులు మూసేస్తారు. మొదటి పది రోజులు నీళ్లు తీసి శుభ్రం చేయడం, తర్వాతి పది రోజులు మరమ్మతులు, చివరి పది రోజులు నీళ్లు నింపడం. అన్ని వసతులున్న చోటే ఏటా ఇంత చేస్తుంటే, మన కోనేరు ఒక్కసారి బాగుచేస్తే ఉండిపోతుందని ఎట్లా అనుకుంటాం?

- జనవరి, ఫిబ్రవరి: మెట్ల తనిఖీ, ఉబ్బిన చోట్ల ఫోటోలు, కొత్త మొక్కలు పీకడం
- మార్చి: నీటి పరీక్ష, జమాఖర్చులు ఊరికి చదివి వినిపించడం
- ఏప్రిల్, మే: నీరు తగ్గినప్పుడు ఒండ్రు కొలవడం, అర అడుగు దాటితే చేత్తో తీయించడం
- జూన్: వానకు ముందు కాలువ నడక, తూముల్లో చెత్త తీత
- ఆగస్టు: వినాయకచవితికి ముందు నిమజ్జనానికి వేరే తొట్టి లేదా గుంత సిద్ధం చేయడం
- సెప్టెంబరు చివర: ఒండ్రు గొయ్యి ఖాళీ చేయడం, మొరవ తెరవడం
- అక్టోబరు నుంచి డిసెంబరు: ప్రతి వాన తర్వాత మట్టం రాయడం, జాలీకి పట్టిన ఆకులు తీయడం

ప్రతి పనికీ ఎదురుగా ఒకరి పేరు, వాళ్లు ఊళ్లో లేకపోతే చేసే ఇంకొకరి పేరు రాసి పట్టీని బడి గోడకు అంటించండి. జాలీ దగ్గర ఆకులు తీసే పని మాత్రం కాలువ పక్క ఇంటివాళ్లకే ఇవ్వండి. అర్ధరాత్రి వాన పడితే ముందు చప్పుడు వినేది వాళ్లే.